పదకొండు నోటు పుస్తకాలు, ఒక రాతి పెచ్చు

ఉద్యోగ విరమణ చేసినవారికి రెండు అలవాట్లు తప్పవని మా నంద్యాలలో ఒక అభిప్రాయం ఉంది. ఒకటి, తెల్లవారుజామున నడవటం. రెండు, నడుస్తూ ఇతరుల ఆరోగ్యం గురించి మాట్లాడటం. ఉన్నత పాఠశాలలో ముప్పై ఏళ్లకు పైగా తెలుగు బోధించి బయటపడిన నాకు మొదటిది వైద్యులు అంటగట్టారు, రెండోది నేనే అలవరచుకున్నాను.

ఫజ్ర్ నమాజు ముగించుకొని మస్జిదు మెట్లు దిగేసరికి నలుగురం జతకూడుతాం. ఒకరు ఆర్టీసీలో కండక్టరుగా పనిచేసి విరమించినవారు. ఒకరు బ్యాంకు గుమాస్తా. మూడో ఆయన ఇప్పటికీ బట్టల దుకాణం నడుపుతూ, తానింకా రిటైరు కాలేదని రోజూ మాకు గుర్తు చేస్తుంటారు. చెరువు కట్ట వైపు నడుస్తాం. తూర్పున నల్లమల కొండల వెనుక ఆకాశం ఎర్రబడేసరికి మా చర్చ మోకాళ్ల నుంచి మూత్రపిండాల దాకా వస్తుంది. సూర్యుడు పైకి వచ్చేసరికి గుండె దగ్గర ఆగుతుంది. ఆపైన టీ కొట్టు.

ఆరోగ్యం, తీరిక అనే రెండు అనుగ్రహాల విషయంలో చాలామంది నష్టపోతుంటారని దైవప్రవక్త ముహమ్మద్ (స) హెచ్చరించిన సంగతి పాఠకులకు తెలిసిందే. ఉద్యోగంలో ఉన్నంతకాలం నాకు ఆరోగ్యం ఉండేది, తీరిక ఉండేది కాదు. తీరిక దొరికిన నెలలోనే రక్తపరీక్ష చేయించుకుంటే, ఆరోగ్యం తన పదవీ విరమణ పత్రాన్ని నా చేతికిచ్చింది. చక్కెర వ్యాధి, దానికి తోడు రక్తపోటు. మా శ్రీమతి ఆ కాగితం చూసి, "రిటైరయితే ఇంట్లో ఒక్కరే ఉంటారనుకున్నాను, ముగ్గురు వచ్చారే" అంది.

నాకు ఒక వ్యసనం ఉంది. పత్రికల్లో వచ్చే ఆరోగ్య వార్తలను కత్తిరించి నోటు పుస్తకాల్లో అతికించటం. కాలేజీ రోజుల్లో మొదలైన ఈ పని ఇప్పటికి పదకొండో పుస్తకానికి చేరింది. మొదట జ్ఞానం కోసం మొదలుపెట్టాను. తర్వాత తర్వాత, ఒక పేజీ ఇంకో పేజీతో పోట్లాడుకోవటం చూసే వినోదం కోసం కొనసాగించాను. ఉదాహరణకు కాఫీ. 1991లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా విభాగం మూత్రాశయ క్యాన్సర్ విషయంలో కాఫీని అనుమానితుల జాబితాలో చేర్చింది. 2016లో అదే విభాగం, తగిన ఆధారాలు లేవంటూ దాన్ని ఆ జాబితా నుంచి తప్పించింది. పాతికేళ్లు బోనులో నిలబడి కాఫీ ఇంటికి వెళ్లింది. అయితే 65 డిగ్రీలకు మించిన వేడితో గొంతు దిగే ఏ పానీయమైనా అన్నవాహికకు మంచిది కాకపోవచ్చునని అదే సందర్భంలో చెప్పారు. ఈ ముక్క చదివి వినిపిస్తే మా టీ కొట్టు యజమాని, పొగలు కక్కని టీ అమ్మితే తన కొట్టే ఆరిపోతుందన్నాడు.

గుడ్డు కథ ఇంకా జాలి గొలుపుతుంది. రోజుకు 300 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్ మించరాదన్న నియమాన్ని నమ్మి మేము ఏళ్ల తరబడి పచ్చసొన తీసి పారేశాం. 2015 నాటి ఆహార మార్గదర్శకాలలో అమెరికా వారు ఆ అంకెనే ఎత్తివేశారు. మధ్యలో లాభపడినది మా పెరటి పిల్లి ఒక్కటే, బాగా బలిసింది. ఇక రోజుకు పదివేల అడుగుల లెక్క ఉందే, అది వైద్యశాస్త్రంలో పుట్టినది కాదు. టోక్యో ఒలింపిక్స్ జరిగిన మరుసటి ఏడాది, 1965లో, జపానులో ఒక అడుగుల కొలమానాన్ని అమ్మకానికి పెట్టారు. దాని పేరుకు అర్థమే పదివేల అడుగుల మీటరు. ఆ అంకె దుకాణంలోంచి వచ్చిందని తెలిసిన రోజు మా బట్టల వ్యాపారి మిత్రుని ఆనందానికి అవధి లేదు. ఆయన ఆరువేల దగ్గర ఆగుతుంటారు. వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్లు కొంచెం వేడెక్కేలా కదిలితే చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. మాకు అందులో సగం టీ కొట్టు దగ్గర గడుస్తుంది.

2017లో అమెరికా హృద్రోగ నిపుణులు రక్తపోటు హద్దును 140/90 నుంచి 130/80కి దించినప్పుడు, ముందు రోజు రాత్రి నిక్షేపంగా పడుకున్న లక్షలాది మంది అక్కడ ఉదయాన్నే రోగులై లేచారు. ఇలాంటివి చదివి నవ్వుకోవటంలో నాకు చాలా కాలం గడిచింది. వార్తలను నవ్వుతూ చదివేవాడు వార్తలకు మోసపోడని నాలో ఒక ధీమా ఏర్పడింది. ఆ ధీమా ఆళ్లగడ్డలో పోయింది.

మా ఊరి గురించి రెండు మాటలు చెప్పాలి. తొమ్మిది నందుల ఆలయాలున్న చోటు కాబట్టి నంద్యాల అయిందంటారు. నీలం సంజీవరెడ్డి 1977లో, పి.వి. నరసింహారావు 1991 ఉప ఎన్నికలో ఇక్కడినుంచే లోక్‌సభకు వెళ్లారు. ఒకరు రాష్ట్రపతి అయ్యారు, మరొకరు అప్పటికే ప్రధాని. ఈ మాట చెప్పకుండా మా ఊరివాడు ఎవరితోనూ పరిచయం ముగించడు. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా కేంద్రమైంది. అరవై నాలుగేళ్లు కర్నూలు జిల్లావాసిగా బతికిన నేను గుమ్మం దాటకుండానే కొత్త జిల్లాకు మారిపోయాను. ఇవన్నీ అలా ఉంచి, ఊరికి నిజమైన గొప్పతనం 1906లో స్థాపించిన వ్యవసాయ పరిశోధనా స్థానం అని నా అభిప్రాయం. పత్తిలో, జొన్నలో, శనగలో, కొర్రలో అక్కడి శాస్త్రవేత్తలు చేసిన పని రాయలసీమ రైతుకు తెలుసు. సూర్యనంది అనే కొర్ర రకం అక్కడిదే. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించినప్పుడు ప్రపంచమంతా కొర్రల వైపు తిరిగింది. కొర్రలు మెరుగుపరచిన ఊళ్లో ఉన్న మేము మాత్రం పొద్దున్నే ఉగ్గాని బజ్జీల వైపు తిరిగే ఉన్నాం. బొరుగులు చూడటానికి గాలిలా తేలికగా ఉంటాయి గాని, రక్తంలో చక్కెరను పెంచటంలో చాలా బరువైనవి. ఇది తెలిసిన తర్వాత నేను వారానికి ఒక్కసారే తింటున్నాను. ఆ ఒక్కసారి ఎప్పుడొస్తుందో శ్రీమతికి చెప్పను.

డిసెంబరులో ఒకరోజు అక్కను చూడాలనిపించి ఆళ్లగడ్డ బస్సెక్కాను. అక్కకు డెబ్బై అయిదేళ్లు. బావ పోయి తొమ్మిదేళ్లయింది. కొడుకు కువైట్‌లో ఉన్నాడు. ఫోనులో మాట్లాడినప్పుడల్లా "బాగుండా" అనే అంటుంది. ఆ మాట ఈమధ్య కాస్త నెమ్మదిగా పలుకుతోందని శ్రీమతి కనిపెట్టింది, నేను కాదు.

ఆళ్లగడ్డకు రైలు లేదు. 2016లో ప్రారంభమైన నంద్యాల-ఎర్రగుంట్ల మార్గం బనగానపల్లె, కోవెలకుంట్ల మీదుగా పడమటి వైపుగా వెళ్లిపోయింది. నలభై కిలోమీటర్ల చిల్లర దూరానికి బస్సే గతి. ఒకప్పుడు 18వ నంబరు, ఇప్పుడు 40వ నంబరు అయిన జాతీయ రహదారి అది. ఎడమ వైపు కిటికీ పక్కన కూర్చోవాలని మా కండక్టరు మిత్రుడు ముందే చెప్పి పంపారు. దారి పొడుగునా ఎడమన నల్లమల కనిపిస్తూనే ఉంటుంది. కిందంతా కేసీ కాలువ ఆయకట్టు. 1860లలో ఒక ఆంగ్లేయ కంపెనీ లాభం కోసం, పడవలు కూడా నడిపే ఆలోచనతో, ఈ కాలువ తవ్వించింది. లాభం రాలేదు. 1882లో ప్రభుత్వం కొనుక్కుంది. నష్టపోయిన ఆ కంపెనీ పుణ్యమా అని కోత కోసిన వరి మళ్లు, వాటి అవతల నల్లరేగడిలో శనగ చేలు, అక్కడక్కడ ఆఖరి తీతకు వచ్చిన పత్తి కనిపించాయి.

పత్తిని చూస్తే నాకు జేజినాయన గుర్తుకొస్తాడు. మేము నూర్‌బాషాలం, ఊళ్లో దూదేకులవాళ్లంటారు. ఇంట్లో మాట తెలుగు, నమాజు అరబీ. చిన్నప్పుడు ఉర్దూ రాదని కొందరు, గడ్డం ఉందని కొందరు మమ్మల్ని వేరుగా చూసినా, పరుపు కావలసి వచ్చినప్పుడు అందరూ జేజినాయన కోసమే చూసేవారు. దూది ఏకే విల్లు భుజాన వేసుకొని సిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డ దాకా కాలినడకన పోయేవాడట. విల్లు తీగ మోగితే ఇంట్లో పిల్లలు బయటికి పరుగెత్తేవారట. నాకు తెలిసిన జేజినాయన మాత్రం మంచం మీద కూర్చొని దగ్గుతుండేవాడు. ఆ దగ్గుకు పత్తి ధూళి కారణమని, ప్రపంచమంతటా దూది పనివారి ఊపిరితిత్తులకు ఆ జబ్బు వస్తుందని అయిదో నోటు పుస్తకంలో ఒక కత్తిరింపు అతికించేదాకా నాకు తెలియదు. అప్పటికి ఆయన పోయి ఇరవై ఏళ్లు.

అక్క ఇల్లు శిల్పులు పనిచేసే వీధికి దగ్గర. ఆళ్లగడ్డ అంటే కొందరికి అహోబిలం దారి, కొందరికి రాజకీయాలు. కాని ఊళ్లోకి అడుగుపెట్టినవారికి ముందుగా వినిపించేది ఉలి. ఇక్కడి రాతి శిల్పానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. దూర రాష్ట్రాల ఆలయాలకు కూడా ఇక్కడినుంచి విగ్రహాలు వెళతాయి. ఇప్పుడు ఉలితో పాటు రాతిని కోసే యంత్రాల మోత కూడా కలిసింది. రోడ్డు పక్క చెట్ల ఆకుల మీద తెల్లటి పొడి. విగ్రహ నిర్మాణం మా ధర్మం అనుమతించని వృత్తి. అక్క పక్కింటి ఆచారి గారికీ ఈ సంగతి తెలుసు. ముప్పై ఏళ్ల ఇరుగుపొరుగులో ఆ ప్రస్తావన వారి మధ్య ఎన్నడూ రాలేదు. పండుగ నాడు సేమ్యా గిన్నె అటు వెళుతుంది, ఉగాదికి ఓలిగలు ఇటు వస్తాయి. గిన్నెలు మాత్రం ఎప్పటికప్పుడు తారుమారవుతుంటాయి. ఇప్పటికి ఎవరి గిన్నె ఎవరిదో ఇద్దరికీ తెలియదు.

ఆయన తుండుగుడ్డ ముఖానికి చుట్టుకొని పని చేస్తున్నారు. కూర్చొని కాసేపు మాట్లాడాను. రాతి ధూళిలోని సన్నటి కణాలు ఊపిరితిత్తుల్లో చేరితే అవి గట్టిపడతాయని, ఒకసారి గట్టిపడితే మళ్లీ మెత్తబడవని, నీళ్లు చల్లుతూ కోస్తే ధూళి లేవదని, గుడ్డ చాలదు, మంచి మాస్కు కావాలని నా నోటు పుస్తకాల సారం అంతా ఒప్పజెప్పాను. ఆయన ఓపికగా విని అన్నారు: "మాస్టారూ, తమరు చెప్పేది నిజమే. మాస్కు పెడితే కళ్లద్దాలకు ఆవిరి పడుతుంది. ఆవిరి పడితే ఉలి జారుతుంది. ఉలి జారితే ఆరు నెలల పని పోతుంది. దానికేమైనా రాసినారా పేపర్లో?" ఎవరూ రాయలేదు. నేను లేచి అక్క ఇంట్లోకి వెళ్లాను.

"ఏమబ్బీ, ఫోను కూడా చేయకుండా వచ్చినావు? అందరూ బాగుండారా?" అంటూ అక్క ఎదురొచ్చింది. సలాములయ్యాయి. మనిషి చిక్కిపోయింది. చీర ముడతల్లో భుజాల ఎముకలు కనిపిస్తున్నాయి. జొన్నరొట్టె చేస్తానంటూ వంటింట్లోకి నడిచింది. జొహర్ వేళయింది. వుజూ చేసుకొని, తడికాళ్లతో బేతంచెర్ల బండల మీద నడిచి, నమాజు కుర్చీ దగ్గరికి వెళ్లింది. ఆ బండల మీద తడి అడుగుల మధ్య, కుడి పాదం పడిన ప్రతిచోటా, చిన్న ఎర్రటి మరక.

"కాలికేమైంది అక్కా?"

"ఏం కాలేదే. చింతపండు తొక్కినానేమో."

నమాజు అయ్యాక బలవంతంగా కూర్చోబెట్టి పాదం పైకి ఎత్తి చూశాను. బొటనవేలి కింద మెత్తటి భాగంలో వేలి గోరంత పుండు. చుట్టూ తెల్లగా ఉబ్బిన చర్మం. మధ్యలో నల్లగా ఏదో మెరుస్తోంది. నొక్కాను. అక్క గోడ మీది గడియారం వైపు చూస్తూ, "టీ పెట్టమంటావా?" అని అడిగింది. నేను నొక్కిన సంగతే ఆమెకు తెలియలేదు.

అయిదు పూటలా కాళ్లు కడుక్కొనే మనిషి. కడగటం ఉంది, చూడటం లేదు. చక్కెర వ్యాధి ముదిరితే పాదాల నరాలు మొద్దుబారుతాయని, ముల్లు దిగినా తెలియదని నా దగ్గర కనీసం నాలుగు కత్తిరింపులు ఉన్నాయి. మాత్రలు సరిగా వేసుకుంటున్నావా అని అడిగాను.

"మానుకున్యా కదా."

"ఎప్పుడు? ఎవరు చెప్పారు?"

అక్క నా వైపు ఆశ్చర్యంగా చూసింది. "నువ్వే కదరా పంపినావు ఫోన్లో. ఆ మాత్రలు వేసుకుంటే కిడ్నీలు పోతాయని. తమ్ముడు మాస్టరు, అన్నీ చదివేటోడు, చూడకుండా పంపడు అనుకుంటి. అప్పటినుంచి నేరేడు గింజల పొడి, కాకర రసమే. అల్లాహ్ మీద భారం వేసినా."

ఫోను తీసి వెతికాను. అది అక్కడే ఉంది. కొన్ని నెలల కిందటి ఒక ఉదయం, 5 గంటల 52 నిమిషాలకు. ఫజ్ర్ తర్వాత, నడకకు ముందు. ఎవరో నాకు పంపారు. మొదటి రెండు వరుసలు చదివి, ఎప్పటిలాగే ఒక నవ్వు నవ్వుకొని, 'చూడండి, ఎలాంటివి వస్తున్నాయో' అనే ఉద్దేశంతో బంధువుల గ్రూపుకు నెట్టేశాను. ఆ ఉద్దేశం నా మనసులోనే ఉండిపోయింది. సందేశం మాత్రం వెళ్లింది. దాని కింద నా పేరు ఉంది.

ఖుర్ఆన్‌లోని సూరహ్ అల్ హుజురాత్‌లో, ఎవరైనా ఒక వార్త తెస్తే నిజానిజాలు విచారించుకోండి, తెలియక ఎవరికైనా హాని చేసి తర్వాత పశ్చాత్తాపపడవలసి వస్తుంది అనే హెచ్చరిక ఉంది. రెండేళ్ల కిందట మా మస్జిదులో యువకులకు ఆ ఆయతు మీద నేనే అరగంట ప్రసంగించాను. ఇప్పుడు అక్క పాదం ఒళ్లో పెట్టుకొని కూర్చుంటే అందులోని ఒక్కొక్క మాట నన్ను పేరుపెట్టి పిలిచింది.

అక్కకు ఆ సంగతి అక్కడే చెప్పాను. అది నేను చదవకుండా పంపానని, తప్పు నాదని. అక్క కాసేపు ఏమీ అనలేదు. "చదవకుండానే పంపినావా? బడి పిల్లోళ్ల పేపర్లు కూడా ఇట్లనే దిద్దినావా?" అంది చివరికి. అంతకంటే గట్టిగా తిట్టి ఉంటే బాగుండేది. ఒంటెను కట్టివేసిన తర్వాత భారం అల్లాహ్ మీద వేయమన్న దైవప్రవక్త (స) బోధను ఆమెకు గుర్తు చేద్దామనుకున్నాను. కట్టిన ఒంటెను విప్పినవాడిని నేనే కనుక నోరు మెదపలేదు.

నంద్యాలకు కారు మాట్లాడతానంటే అక్క ససేమిరా అంది. "ఆడోళ్లకు బస్సు ఊరికెనే కదా, కారెందుకు?" 2025 ఆగస్టు 15 నుంచి ఆడవారికి ఉచిత ప్రయాణం వచ్చింది గాని, తోడు లేక ఆమె ఒక్కసారీ ఎక్కలేదట. ఆ కోరిక ఇప్పుడు తీర్చుకోదలచింది. ఆచారి గారు పని ఆపి, తుండుగుడ్డతోనే బండి సీటు తుడిచి, అక్కను బస్టాండుకు తీసుకొచ్చారు. పుండులో మెరుస్తున్నదేమిటో ఆయన చూడగానే చెప్పారు. రాతి పెచ్చు. ఉలి కింద నుంచి ఎగిరి వీధిలో పడేది. కూరగాయల బండి కోసం అక్క చెప్పులు లేకుండా గేటు దాకా వెళ్లే అలవాటు ఉంది. "మా గడప ముందరిదే అయ్యుంటుంది మాస్టారూ" అని ఆయన తలవంచుకున్నారు. అసలు నేరస్థుడు తన పక్కనే నిలబడి ఉన్నాడని నేను చెప్పబోయేంతలో బస్సు వచ్చింది.

ఆధార్ కార్డు చూపి అక్క సున్నా రూపాయల టికెట్టు తీసుకుంది. వృద్ధుల రాయితీ 25 శాతం పోగా మిగిలినది నేను చెల్లించాను. తన టికెట్టును రెండుసార్లు చదివి, మడిచి, కొంగున ముడివేసుకుంది. సిరివెళ్ల దాటేదాకా ఆ సంతోషం ఆమె ముఖంలో ఉంది. కిటికీ పక్క ఆమెను కూర్చోబెట్టాను. తిరుగు ప్రయాణం కనుక కుడి వైపు. నల్లమల చూస్తూ, "జేజినాయన ఈ దోవనే నడిచినాడు గదరా" అంది.

నంద్యాలలో మేము చూపించుకున్న వైద్యుడు యువకుడు. నా దగ్గర చదువుకోలేదు కాబట్టి నాకు భయపడలేదు. నైలాను దారం లాంటిదొకటి తీసి అక్క కళ్లు మూసుకోమని, పాదంలో పదిచోట్ల తాకించాడు. అక్క మూడుచోట్ల మాత్రమే "ఆ" అంది. పెచ్చును బయటికి తీశాడు. కందిపప్పు బద్దంత ఉంది. ఎక్స్‌రేలో ఎముక దాకా చీము చేరలేదని తేలింది. మూడు నెలల చక్కెర సగటును చెప్పే పరీక్షలో 11 దాటింది. "ఇంకో పది రోజులు ఆలస్యమై ఉంటే నేను వేలు గురించి మాట్లాడవలసి వచ్చేది" అన్నాడు. గొంతు పెంచకుండా చెప్పాడు. అందుకే ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

కిడ్నీలను పాడుచేసేది మాత్ర కాదని, అదుపు లేని చక్కెరే వాటిని పాడుచేస్తుందని, కిడ్నీల పని తగ్గినవారికి వైద్యులు మోతాదు చూసి మారుస్తారని వివరించాడు. అక్క మర్యాదగా విన్నది గాని నమ్మలేదు. ఇంగ్లీషు మందు అంటే ఆమెకు పుట్టుకతో పడదు. అప్పుడు నా ఏడో నోటు పుస్తకం మొదటిసారి ఒకరికి పనికివచ్చింది. ఐరోపాలో గలేగా అనే ఒక మొక్క ఉంది, పూర్వం అక్కడి వైద్యులు దాన్ని అతిమూత్రానికి వాడేవారు. ఆ మొక్కలోని పదార్థం జాడ పట్టుకొని చేసిన పరిశోధనల నుంచే మెట్‌ఫార్మిన్ పుట్టింది. 1957లో జీన్ స్టెర్న్ అనే ఫ్రెంచి వైద్యుడు దాన్ని చక్కెర రోగులకు వాడి చూపించాడు. ఇది చెప్పగానే అక్క లేచి కూర్చుంది. "అంటే అది గూడ ఆకు మందేనా! ఈ మాట ముందే చెప్పి ఏడ్వచ్చు కదరా."

మూడు వారాలు అక్క మా ఇంట్లోనే ఉంది. కొన్నాళ్లు ఇన్సులిన్ కూడా అవసరమైంది. కట్టు తడవకూడదన్నారు కనుక వుజూ ఎలా అని ఆమె దిగులు. గాయానికి కట్టు ఉన్నప్పుడు దాని మీద తడిచేత్తో మసహ్ చేస్తే సరిపోతుందని మా ఇమాము గారు చెప్పాక కుదుటపడింది. డాక్టరు చెప్పిన మిగిలిన జాగ్రత్తలు మా శ్రీమతి అమలు చేసింది. రోజూ రాత్రి అద్దం పెట్టి అరికాలు చూడటం, వుజూ తర్వాత వేళ్ల సందులు పొడిగా తుడవటం, చలికాలం వేడినీళ్లను కాలితో కాక మోచేతితో తాకి చూడటం, చెప్పు వేసుకొనే ముందు లోపల చేయి పెట్టి తడమటం. ఇప్పుడు మా ఇంట్లో అందరం చెప్పులు తడుముతున్నాం. అలవాటు అంటువ్యాధి లాంటిదే.

నాకు మిగిలిన పని ఒకటుంది. ఆ బంధువుల గ్రూపులో ముప్పై ఆరుగురు ఉన్నారు. మొదటి సందేశం తప్పని రాసి పెడితే చాలదనిపించింది. ఒక్కొక్కరికీ ఫోను చేశాను. మూడు రోజులు పట్టింది. ఇరవై తొమ్మిది మంది, నేను పంపేవి అసలు తాము చదవమని, సంకోచం లేకుండా చెప్పారు. జీవితంలో నాకింత ఊరట కలిగించిన అవమానం ఇంకొకటి లేదు. చదివినవారిలో ప్రొద్దుటూరులో ఉన్న ఒక మేనమామ కొడుకు మాత్రం మాత్రలు సగానికి తగ్గించాడట. ఆయనను డాక్టరు దగ్గరికి పంపేదాకా రోజూ పీడించాను. కోపం తెచ్చుకొని రెండుసార్లు ఫోను పెట్టేశాడు. మూడోసారి రిపోర్టు ఫోటో పంపాడు.

చెరువు కట్ట మీద మిత్రులకు ఈ కథ చెప్పినప్పుడు ఎవరూ నవ్వలేదు. బట్టల వ్యాపారి తన ఫోను తీసి చాలాసేపు ఏదో వెతికి, ఏదో తుడిచి, మళ్లీ జేబులో పెట్టుకున్నారు. ఆ రోజు టీ చల్లారాక తాగాం.

పెచ్చును అక్క పారేయమంది. నేను కడిగి, పదకొండో నోటు పుస్తకంలో ఒక ఖాళీ పేజీలో టేపు వేసి అతికించాను. దానివల్ల ఆ పుస్తకం సరిగా మూసుకోవటం లేదు.

అక్క మళ్లీ ఆళ్లగడ్డ చేరింది, సున్నా రూపాయల టికెట్టు మీదనే. ఆచారి గారు తమ గడప ముందు రోజూ సాయంత్రం నీళ్లు చల్లి ఊడ్పిస్తున్నారట. కళ్లద్దాలకు ఆవిరి పట్టని మాస్కు ఒకటి నేను వెతికి పంపాను. పనికివచ్చిందో లేదో ఇంకా కబురు లేదు. అక్క మాత్రం రోజూ ఉదయం గొంతు రికార్డు చేసి పంపుతోంది. మాత్ర వేసుకున్న సంగతి నాలుగు సెకన్లు, ఊరి సంగతులు రెండు నిమిషాలు. నిన్నటి దాంట్లో పక్కింటి కోడి తన పెరట్లోకి వచ్చి గుడ్డు పెట్టిందని, అది ఎవరి సొత్తో ఆచారి గారి భార్యతో తేల్చుకున్నాక, పచ్చసొనతో సహా తినవచ్చునా అని అడిగింది. మూడో నోటు పుస్తకం తీసి పేజీలు తిప్పాను. మళ్లీ మూసి, డాక్టరు గారిని అడిగి సాయంత్రం చెబుతానని జవాబు పంపాను. పంపే ముందు రెండుసార్లు చదువుకున్నాను.